పూజకు నోచుకోని ఫ్లాపీ

సికింద్రాబాద్,
10-8-1987

అత్తమ్మకు పద్మ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ములుగులో కొత్తగా కట్టిన గెస్ట్ హౌస్ పరదాల పని మన వరంగల్ కాశిబుగ్గ ఆడవాళ్ల నేత సంఘానికి ఇస్తామన్నారని చదివి ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కసీటు అమ్మాయి నాకు పెళ్లి కుదిరిందనుకుంది. నవంబరు ఆఖరుకు నమూనా చూపించాలనీ, నచ్చితేనే పని ఇస్తారనీ రాశావు. నువ్వు గళ్ల కాగితం మీద నింపిన ఇప్పపూలు చూశాక నచ్చలేదనే మనిషి ఎవరో నేనూ చూస్తాను.

మగ్గం మీద పువ్వు లేపే చిల్లుల అట్టలు మాత్రం షోలాపూర్‌లో చేయించవద్దన్న నీ మాటే నా మాట. పోయినసారి మన మల్లెతీగ నమూనాకు జాకార్డు అట్టలు చేసి ఇచ్చినాయనే ఆ తీగను ఒక మిల్లుకు అమ్ముకున్నాడు. మన బట్ట బజారుకు రాకముందే మన తీగ సగం ధరకు దుకాణాల్లో వేలాడింది. సంఘంలోని ఆడవాళ్లంతా ఆ ఏడాది మళ్లీ బీడీలు చుట్టారు. ఈసారి అలా జరగకూడదు. జరిగితే సంఘం ఉండదు.

అందుకే ఒక ప్రోగ్రాం రాశాను. నీ గళ్ల కాగితంలోని పువ్వును వరుస తర్వాత వరుస కంప్యూటర్‌లో ఎక్కిస్తే, ఏ అట్టకు ఎక్కడెక్కడ చిల్లు కొట్టాలో అది కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. చిల్లులు మామ కొడతాడు, మగ్గం మీద నువ్వు నేస్తావు. పువ్వు మన ఇంటి గడప దాటదు. ఎండాకాలంలో నా దగ్గర ఉన్నప్పుడు కీబోర్డు నేర్చుకున్నావు కదా, ఆ చదువు ఇప్పుడు పనికొస్తుంది. సుబేదారిలోని సర్కారు ఆఫీసుకు వచ్చిన కంప్యూటర్‌ను వారానికి రెండు మధ్యాహ్నాలు మీరు వాడుకోవచ్చని పెద్ద ఆఫీసరు ఒప్పుకున్నాడన్నావు. అంతకంటే ఏం కావాలి?

ఈ కవరులో ఆ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పెట్టాను. జాగ్రత్త.

నీ దగ్గరే గళ్లు నింపడం నేర్చుకున్న,
పద్మ

కాశిబుగ్గ,
22-8-1987

చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే మా కోడలు పిల్ల పద్మకు నీ మేనత్త ఇందిరమ్మ ఆశీస్సులు.

నీ ఫ్లాపీ వచ్చింది. వచ్చిందని ఎందుకంటున్నానో తెలియదు గానీ, దాని శవం వచ్చింది అనడం న్యాయం. పోస్టాఫీసువాళ్లు కవరు మీద ముద్ర కొట్టారా, ఇనుప మేకు దిగ్గొట్టారా? నడుమ సొట్ట పడింది. పైగా మీ మామ దాన్ని చేతిలోకి తీసుకుని, "గింత పలుచని దాంట్ల ఏముంటదే, అప్పడం తీర్గున్నది" అని వంచి చూశాడు. అప్పటికే చచ్చినదాన్ని మళ్లీ చంపడమెందుకని ఊరుకున్నాను.

అయినా పరీక్ష చేద్దామని సుబేదారి తీసుకుపోయాను. అక్కడ కంప్యూటర్‌ను కాపాడే గుమాస్తా కిషన్ రావు. ఆ గదికి ఆయనే పూజారి. చెప్పులు బయట విడవాలి, కాళ్లు తుడుచుకోవాలి, గట్టిగా మాట్లాడకూడదు. మా ఇంటి దేవుడి గూటికి లేని మడి ఆ గదికి ఉంది. ఆయన నీ ఫ్లాపీని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు పెట్టి నవ్వాడు.

"ఇందిరమ్మా, ఈ మిషన్ పొద్దుగాల లేవాల్నంటే నా బీరువాల ఉన్న ఫ్లాపీ పడాలె. నా ఫ్లాపీ లేంది ఇది వట్టి రేకు డబ్బా. నీ కోడలు పిల్ల పంపిన అప్పడం తోని లేవది."

అప్పడం అన్న మాట మీ మామ అంటే సరిపెట్టుకున్నాను. ఈయనెవరు అనడానికి? బీరువా తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఆయన లేని రోజు ఆ ఆఫీసులో కంప్యూటర్ కూడా సెలవులో ఉంటుందట. ఇంకో సంగతి. మన పువ్వు ఆ గదిలో ఎక్కిస్తే అది ఆ డబ్బా లోపల మిగిలిపోదా? రేపు ఎవరైనా తీసి చూస్తే? మల్లెతీగ దెబ్బ ఇంకా మానలేదు పద్మా. ఈ రెండింటికీ జవాబు రాయి. ఫ్లాపీ మాత్రం పోస్టులో పంపకు.

అప్పడం అన్నవాళ్లను మరిచిపోని,
నీ అత్తమ్మ

సికింద్రాబాద్,
1-9-1987

అత్తమ్మకు,

వరంగల్ బస్సు కండక్టరు చేతికి మూడు ఫ్లాపీలు ఇచ్చాను. బిస్కెట్ల రేకు డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టాను. మామను బస్టాండుకు పంపు. వంచి చూడవద్దని చెప్పు.

కిషన్ రావు గారు చెప్పినదాంట్లో సగమే నిజం. ఆ మిషన్ లేవాలంటే సిస్టం ఉన్న ఫ్లాపీ పడాలి, నిజమే. కానీ అది ఆయన ఫ్లాపీయే కానక్కర్లేదు. ఈ మూడింటిలోనూ సిస్టం పెట్టాను, దాని పక్కనే మన ప్రోగ్రాం పెట్టాను. నీ మగ్గానికి అట్టల దండ మార్చితే అదే మగ్గం దుప్పటి మాని పరదా నేస్తుంది కదా, ఇదీ అంతే. నీ ఫ్లాపీ వేసి మీట నొక్కితే అది ఆ పూటకు నీ మిషన్. పని అయ్యాక ఫ్లాపీ తీసి మీట ఆర్పేస్తే దానికి నువ్వెవరో కూడా గుర్తుండదు. నీ పువ్వు అంతా నీ సంచిలోని ఫ్లాపీలోనే ఉంటుంది, డబ్బాలో ఒక్క రేకు కూడా మిగలదు. కాబట్టి మల్లెతీగ భయం వదిలెయ్యి.

ఇంకా చెబుతాను విను. రేపు సుబేదారి ఆఫీసువాళ్లు రావద్దన్నారనుకో. హన్మకొండలో ఏ కాలేజీలోనో, హైదరాబాదులో నా టేబుల్ మీదో, ఇదే రకం మిషన్ ఎక్కడ ఉంటే అక్కడ కూర్చుని ఆపిన వరుస దగ్గరే మొదలుపెట్టవచ్చు. మా ఆఫీసులో మొన్న ఒక మిషన్ తన సొంత సిస్టం పాడై మొరాయిస్తే, బయటి ఫ్లాపీతో లేపి లోపల చిక్కుకున్న జీతాల పని అంతా బయటికి తీశాం. ఇల్లు మోసుకు తిరగలేం గానీ, ఈ ఒక్క పనిలో మోసుకు తిరగవచ్చు.

రెండు జాగ్రత్తలు. పువ్వు అంతా ఎక్కించడం అయిన రోజే మిగతా రెండు ఫ్లాపీల్లోకి కాపీ తియ్యి, ఎలా తియ్యాలో చీటీ రాసి డబ్బాలో పెట్టాను. మూడూ ఒకే ఇంట్లో ఉంచకు. ఒకటి వేరే ఊళ్లో ఉంటే మరీ మంచిది. రెండోది, ఫ్లాపీ నల్లటి తొడుగుకు ఒక పొడుగాటి సందు ఉంటుంది, లోపలి రేకు కనిపిస్తూ ఉంటుంది. అక్కడ వేలు మాత్రం పెట్టవద్దు.

నీ పూజారి గారిని అడిగానని చెప్పు.

పద్మ

కాశిబుగ్గ,
27-9-1987

కోడలు పిల్లకు అత్తమ్మ ఆశీస్సులు.

ముందు శుభవార్త. పువ్వు మొత్తం ఎక్కింది. ఆకు, కాడ, రాలిన పూలు, అంచు, ఏదీ వదల్లేదు. మొన్ననే నీ చీటీ ముందు పెట్టుకుని రెండు కాపీలు తీశాను.

ఇప్పుడు అసలు కథ. పోయిన వారం నేను వెళ్లేసరికి కిషన్ రావు వేములవాడ దర్శనానికి పోయాడన్నారు. బీరువా తాళంచెవి ఆయనతో పాటే దర్శనానికి పోయింది. గదిలో నలుగురు ఉద్యోగులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ల పెద్ద ఆఫీసరు ఏదో లెక్క అడుగుతున్నాడు, వీళ్లు "కిషన్ రావు వస్తేనే అయితది సార్" అంటున్నారు. నేను చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని, సంచిలోంచి మన ఫ్లాపీ తీసి పెట్టి మీట నొక్కాను. అది గుర్రుమని లేచింది.

ఆ ఆఫీసరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. "అదెట్ల లేచిందమ్మా?" అన్నాడు. "మాది మాకున్నది సార్" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడాలని నాలుక ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు. వాళ్ల లెక్క కూడా అప్పుడే మన ఫ్లాపీ పుణ్యాన తీసుకున్నారు. కిషన్ రావు తిరిగొచ్చి ప్రసాదం ఇచ్చాడు గానీ మొహంలో ప్రసాదం లేదు.

అచ్చు వేయడం మాత్రం మిగిలింది. మిషన్‌కు కాగితం దసరా తర్వాతే వస్తుందట. వస్తే ఒక్క మధ్యాహ్నం పని.

నువ్వు చెప్పినట్టే ఒక ఫ్లాపీ వేరే ఊరికి పంపాను. ములుగులో నా ఆడబిడ్డ సారలమ్మ ఉంది కదా, మీ మామ వెళ్లి ఆమె పెట్టెలో చీరల మధ్య పెట్టి వచ్చాడు. ఆమె కూతురికి నెలలు నిండాయి, ఇవాళో రేపో కాన్పు. మిగతా రెండూ నా దగ్గరే ఉన్నాయి.

మాది మాకున్నదని చెప్పుకున్న,
నీ అత్తమ్మ

కాశిబుగ్గ,
7-10-1987

పద్మకు,

ఆశీస్సులు. ఈసారి నవ్వించే ఉత్తరం కాదు.

దసరా బాగానే జరిగింది. ఎప్పటిలాగే మగ్గం కడిగి, నాడెలు, అట్టలు, పనిముట్లన్నీ పీట మీద పెట్టి పూజ చేసుకున్నాం, జమ్మి పెట్టుకున్నాం. సోమవారం కాగితం వచ్చిందని తెలిసి సుబేదారి పోయాను. ఫ్లాపీ పెట్టి మీట నొక్కితే మిషన్ కరకరమంది, ఏదో ఇంగ్లీషులో తిట్టింది, ఆగిపోయింది. రెండోది పెట్టాను. అదీ అంతే. మర్నాడు కిషన్ రావు తన ఫ్లాపీ పెడితే అది కూడా కరకరమని ఆగిందట. ఆయన దాచుకున్న ఇంకో ఫ్లాపీకి కూడా అదే గతి పట్టింది.

ఆయన నన్ను పట్టుకుని నలుగురిలో అన్న మాటలు విను. "బయటి ఫ్లాపీలు పెట్టొద్దని మొత్తుకుంటనే ఉన్న. ఆడోళ్లు వచ్చి మిషన్ ఖరాబు చేసిండ్రు."

నేనూ ఊరుకోలేదు. "వేములవాడ పోయొచ్చినకాన్నుంచి నీకు కడుపుల మండుతాంది. నువ్వు లేంది మిషన్ లేచిందని నువ్వే ఏదో చేసినవ్" అన్నాను. ఆ మాట ఆయనతో అని ఆగలేదు. పెద్ద ఆఫీసరు గదిలోకి పోయి కూడా అదే చెప్పి వచ్చాను. ఇప్పుడు సంఘం వాళ్లు ఎవరూ ఆ గదిలో అడుగు పెట్టకూడదన్నారు.

పద్మా, నవంబరు ఎంతో దూరంలో లేదు. మళ్లీ మొదటినుంచి గళ్లు ఎక్కించాలంటే ఒక నెల కావాలి, ఆపైన చిల్లులు, ఆపైన నేత. సంఘంలో అందరూ ధైర్యంగానే ఉన్నారు, ఎందుకంటే నేను ధైర్యంగా కనబడుతున్నాను. నీకు మాత్రం చెబుతున్నాను, అన్నం సహించడం లేదు.

అత్తమ్మ

సికింద్రాబాద్,
12-10-1987

అత్తమ్మకు,

కంగారు పడవద్దు. మూడోది ములుగులో ఉంది కదా.

నీ ఉత్తరం మా ఇంజనీరుకు వినిపించాను. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ పాడవుతున్నాయంటే మిషన్‌లో ఫ్లాపీని చదివే ముక్కకు మురికి అంటుకుని ఉంటుందన్నాడు. కిషన్ రావు ఏమీ చేసి ఉండడు అత్తమ్మా. మన సంఘంలో ఎవరైనా నూనె చేత్తోనో, నూలు దుమ్ముతోనో ఆ సందు దగ్గర ముట్టుకుని ఉంటారు. మనవాళ్లకు ఎంత చెప్పినా శుభ్రత ఒక పట్టాన పట్టుబడదు. నువ్వు కోపంలో ఆఫీసరు దాకా వెళ్లకుండా ఉండాల్సింది.

పాడైన రెండూ కండక్టరుతో నాకు పంపు. చూస్తేగానీ చెప్పలేను. ములుగుది మాత్రం ఆ మిషన్‌లో పెట్టవద్దు.

పద్మ

కాశిబుగ్గ,
18-10-1987

పద్మ గారికి ఇందిరమ్మ రాయునది.

మనవాళ్లకు శుభ్రత పట్టుబడదా? నువ్వు ఎవరి చేతుల్లో పెరిగావు తల్లీ? నూలుకు మరక పడితే బట్ట పారేయాల్సి వస్తుందని, మగ్గం ఎక్కే ముందు నీ చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది ఎవరు? సికింద్రాబాద్‌లో నాలుగేళ్లు ఏసీ గదిలో కూర్చునేసరికి మేము మనవాళ్లమైపోయాం, మా చేతులు నూనె చేతులైపోయాయి. ఆ రెండు ఫ్లాపీలను నేను తప్ప ఎవరూ ముట్టలేదు. నేను కూడా నువ్వు వద్దన్న చోట వేలు పెట్టలేదు. నాకు బాధ అయింది పద్మా. కిషన్ రావు అంటే పడ్డాను, నువ్వు అంటే పడలేను.

నీ రెండు ఫ్లాపీలూ బిస్కెట్ల డబ్బాలోనే పంపుతున్నాను, చూసుకో.

ములుగు దాని సంగతి. సారలమ్మ కూతురికి దసరా ముందే ఆడపిల్ల పుట్టింది. ఇవాళ పిల్లను తొట్టెలలో వేస్తున్నారు. మీ మామ పొద్దునే వెళ్లాడు. నాలుగు రోజులుండి వచ్చేటప్పుడు ఫ్లాపీ తెస్తాడు. ఇంట్లో పురుడు కదా, వాళ్లు దసరాకు పూజ చేసుకోలేదట, దీపం కూడా పెట్టలేదట. మూడింటిలో అది ఒక్కటే పూజకు నోచుకోలేదు. నాకదే మనసులో గుచ్చుకుంటోంది. ఒకటి పీట మీద లేకపోబట్టే మిగతా రెంటికీ ఈ గతి పట్టిందేమో అనిపిస్తోంది. నువ్వు నవ్వుతావు, నవ్వుకో. గురువారం దీపావళి. లక్ష్మీపూజలో దాన్ని పెట్టి, దసరాకు వీటికి ఎలా చేశానో అలాగే చేసి, అప్పుడు గానీ మిషన్ ముఖం చూపించను. ఆ మిషన్ ఎక్కడ దొరుకుతుందో తర్వాత సంగతి.

ఇందిరమ్మ

టెలిగ్రాం
సికింద్రాబాద్, 20-10-1987

ములుగు ఫ్లాపీ. బొట్టు పెట్టవద్దు. ఉత్తరం వస్తుంది. పద్మ.

సికింద్రాబాద్,
20-10-1987

అత్తమ్మా,

ముందు నీ కాళ్లు పట్టుకుంటున్నాను. మనవాళ్లు అన్న మాట అనకూడనిది, అన్నాను. నా చేతులు నువ్వు కడిగినవే. ఆ ఉత్తరం చదివాక మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే ఏడ్చాను.

తర్వాత విప్పాను. రెండు ఫ్లాపీలకూ నేను వేలు పెట్టవద్దన్న ఆ సందులో, సరిగ్గా నడుమ, గుండ్రంగా పసుపు, దాని మీద కుంకుమ. ఎంత చక్కగా పెట్టావో! ఆ లోపలి రేకు మీదే పువ్వంతా ఉంటుంది అత్తమ్మా. అది తిరుగుతుంటే మిషన్‌లో ఒక ముక్క దాన్ని తాకుతూ చదువుతుంది. కుంకుమ పలుకులు రేకును గీకాయి, పసుపు ఆ ముక్కకు అంటుకుంది, తర్వాత పెట్టిన కిషన్ రావు ఫ్లాపీలను కూడా అదే గీకింది.

నిన్ను తప్పు పట్టే హక్కు నాకు లేదు. పనిముట్లన్నీ పీట మీద పెట్టి పూజ చేశామని నువ్వు రాశావు, నేను చదివాను, చదివి ముందుకు వెళ్లిపోయాను. పుట్టినప్పటి నుంచి మగ్గానికి బొట్టు చూస్తూ పెరిగినదాన్ని, అందులో ఆగి ఆలోచించాల్సింది ఏముందనిపించింది? మా ఇంజనీరు వరంగల్ వాడు కాదు కాబట్టి వాడికీ తోచలేదు.

ఇప్పుడు విను. పురుడు వల్ల పూజ జరగలేదని నువ్వు బాధపడుతున్న ఆ ఒక్క ఫ్లాపీయే బతికి ఉంది. మన పువ్వంతా దాంట్లోనే ఉంది. దానికి దీపావళికి దణ్ణం పెట్టు, చాలు. పసుపు వద్దు, కుంకుమ వద్దు, అక్షింతలు అసలే వద్దు. ఈ ఉత్తరం పండుగలోపు అందదేమోనని టెలిగ్రాం కూడా ఇచ్చాను.

నువ్వు "పద్మ గారికి" అని రాసిన కాగితం చించేశాను.

నీ పద్మ

కాశిబుగ్గ,
25-10-1987

మా బంగారు కోడలు పిల్లకు అత్తమ్మ ఆశీస్సులు.

టెలిగ్రాం ఇచ్చేముందు ఒక్క క్షణం ఆలోచించకూడదా తల్లీ? మన వాడకట్టులో టెలిగ్రాం అంటే ఏమిటో నీకు తెలియదా? తంతి మనిషి సైకిల్ దిగగానే ఆడవాళ్లందరూ చేతి పని వదిలి నా గుమ్మంలోకి వచ్చారు. మీ మామ ములుగులో ఉన్నాడని అందరికీ తెలుసు. అతను కూడబలుక్కుని మొదటి మాట "ములుగు" అన్నాడు. అంతే, పక్కింటి చిలుకమ్మ మీ మామ పేరెత్తి "అయ్యో ఉప్పలన్నా!" అని గుండెలు బాదుకుంది. తర్వాత "బొట్టు పెట్టవద్దు" అని చదివాడు. ఇక ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం? నడుమ ఉన్న "ఫ్లాపీ" అన్న మాట ఎవరి చెవినా పడలేదు. నేనే లాక్కుని మళ్లీ చదువుకుంటే అప్పుడు ప్రాణం కుదుటపడింది. సాయంత్రానికి మీ మామ బస్సు దిగి నడిచి వస్తుంటే చిలుకమ్మ కొడుకులు పరుగెత్తుకెళ్లి ముట్టి చూశారట. "ఏందిరా, నన్నేమన్న కొత్తగ చూస్తాండ్రా?" అన్నాడట మీ మామ. ఆ రాత్రి ఆయనకు రెండు కూరలు వండాను, ఎందుకో చెప్పలేదు.

నీ ఉత్తరం పండుగ మర్నాడు వచ్చింది. అవును, నేనే పెట్టాను. నువ్వు వేలు పెట్టవద్దన్నావు, పెట్టలేదు. తమలపాకు తొడిమతో పెట్టాను. పైనున్న నల్లటి తొడుగు దానికి బట్ట లాంటిదే కదా, బొట్టు చొక్కాకు పెడతామా, ఒంటికి పెడతాం గానీ. అందుకని ఒళ్లు కనబడే చోట వెతికి మరీ పెట్టాను. ఇంత శ్రద్ధగా ఎవరు పాడు చేస్తారు చెప్పు!

ఒకటి మాత్రం నవ్వుతో పోయేది కాదు. ఒక మనిషి మీద లేని నేరం మోపి, ఆయన పై అధికారి దాకా పోయాను. అన్నది నలుగురిలో కాబట్టి వెనక్కి తీసుకునేది కూడా నలుగురిలోనే అనుకుని, నిన్న మీ మామను వెంటబెట్టుకుని సుబేదారి పోయాను. ముందు పెద్ద ఆఫీసరు గదికి, తర్వాత ఆ గదికి. గడప దాటలేదు, బయటే నిలబడ్డాను.

"కిషన్ రావు సారూ, ఆ పొద్దు నేనన్న మాట తప్పు. నువ్వేం చెయ్యలే. దసరాకు నేనే బొట్టు పెట్టిన, దాంతోటి నీ ఫ్లాపీలు గూడ ఖరాబైనయ్" అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మరి మిషన్‌కు పెట్టలేదా?" అని అడిగాడు. మిషన్ మాది కాదు కదా, మీ అనుమతి లేనిది ఎట్లా పెడతానన్నాను. అప్పుడు నవ్వాడు. ఆయన ఇంట్లో దసరాకు స్కూటర్‌కు పెట్టిన బొట్టు ఇంకా ఉందట.

తర్వాత ఆయన కష్టం చెప్పుకున్నాడు. కంపెనీ ఇంజనీరు వచ్చి ఆ ముక్కను స్పిరిట్‌తో తుడిచి, తన ఫ్లాపీతో లేపి చూపించి, ఆ ఫ్లాపీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడట. ఆఫీసుకు కొత్త సిస్టం ఫ్లాపీ కావాలంటే కాగితం రాయాలట, ఆ కాగితం ఎక్కడో సంతకం కోసం ఆగిందట. అప్పటినుంచి మిషన్ బాగానే ఉంది, లేపేవాళ్లే లేరు. నెలాఖరు లెక్క పంపకపోతే ఆయనకు మెమో వస్తుంది.

నేను సంచిలో చెయ్యి పెట్టి ములుగు ఫ్లాపీ తీశాను. సారలమ్మ చీరల మధ్య ఉండి కర్పూరం గోళీల వాసన పట్టింది. ఆయన చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, "సందుల చూపెట్టు" అన్నాడు. చూపించాను. లోపలి రేకు నల్లగా, శుభ్రంగా ఉంది. "లోపలికి రా అమ్మా, నువ్వే పెట్టు" అన్నాడు. మీట నేనే నొక్కాను. ఆ గుర్రు వినేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి పద్మా, దాచుకోలేదు. మొదట వాళ్లకు సిస్టం కాపీ తీసి ఇచ్చాను. తర్వాత మన అట్టల కాగితం అచ్చు వేసుకున్నాం. కాగితం మడతలు మడతలుగా బయటికి వస్తుంటే కిషన్ రావు వంగి పట్టుకుని నిలబడ్డాడు.

మీ మామ ఇవాళ పొద్దుటినుంచే చిల్లులు కొడుతున్నాడు. ఈ ఉత్తరం ఆ చప్పుడులోనే రాస్తున్నాను.

రెండు కూరల సంగతి మీ మామకు చెప్పవద్దనే,
నీ అత్తమ్మ

కాశిబుగ్గ,
6-12-1987

పద్మకు అత్తమ్మ ఆశీస్సులు.

పని మనకే వచ్చింది. నమూనా పరదాను ములుగు గెస్ట్ హౌస్ కిటికీకి వేలాడదీసి చూశారు. వెనక నిజం అడవి, ముందు మన ఇప్పపూలు. గెస్ట్ హౌస్ కట్టించిన ఇంజనీరు దగ్గరికి వచ్చి చూసి, దూరం పోయి చూసి, "ఈ అట్టలు ఎక్కడ చేయించిన్రు?" అన్నాడు. మాది మాకున్నదని చెప్పి ఊరుకున్నాను. ఇంకో మగ్గానికి కూడా జాకార్డు పెడుతున్నాం. బీడీల చాటలు అటకెక్కాయి. దించే పని మళ్లీ పడదనే నా నమ్మకం.

మొదటి తానులోంచి ఒక ముక్క ఎవరికీ అమ్మకుండా తీసి ఉంచి, నిన్న సారలమ్మ మనవరాలికి ఇచ్చి వచ్చాను. ఇప్పుడు దాని తొట్టెలకు అదే పరదా. ఆ పిల్ల దసరా దాటాక పుట్టి ఉంటే మన పువ్వు లేదు, పని లేదు, సంఘం కూడా ఉండేది కాదేమో. వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఇంట్లో దీపం పెట్టని పండుగ అని సారలమ్మ ఇప్పటికీ నొచ్చుకుంటుంది. నేను మాత్రం పిల్లను ఎత్తుకుని, నీ తరఫున కూడా ముద్దు పెట్టుకున్నాను.

ఫ్లాపీలు ఇప్పుడు ఐదు ఉన్నాయి. నాలుగు ఇళ్లలో నాలుగు, కిషన్ రావు బీరువాలో ఒకటి. దాంట్లో సిస్టం మాత్రమే ఉంది, పువ్వు లేదు, అంత వెర్రిదాన్ని కాను. ఇక దసరా సంగతి. ఇంటి కోడళ్లకు, ముసలమ్మలకు రేకుల శాస్త్రం చెప్పి ఒప్పించడం నావల్ల కాదు. పూజ వద్దంటే ఎవరూ వినరు, పురుడంటే అందరూ వింటారు. అందుకే ఈ ఫ్లాపీలకు ఏటా దసరాకు పురుడు ఉంటుందని సంఘంలో తీర్మానం చేశాను. పుట్టింది ఎవరని ఒక ముసలమ్మ అడిగింది. ఇప్పపూలు అన్నాను, ఒప్పుకుంది.

మొన్న ఈ మాట సుబేదారిలో చెబితే కిషన్ రావు చాలాసేపు నవ్వి, బీరువాకు తాళం వేస్తూ అన్నాడు: "వచ్చే దసరాకు మా గదికి గూడ పురుడే అని రాసుకో ఇందిరమ్మా. నేను గూడ దూరంకెల్లే దండం పెట్టుకుంట."

ఈసారి వచ్చేటప్పుడు చేతులు కడుక్కుని రా, నీకోసం మగ్గం ఖాళీగా ఉంచుతాను.

నీ అత్తమ్మ
ఇందిరమ్మ